ట్రేసింగ్ బఫర్లు ఎంత పెద్దవి ఉండాలి, ఎన్ని ఉండాలి: కొలిచి, లెక్క వేసి నిర్ణయించే పద్ధతి

ట్రేసింగ్ అంటే ప్రోగ్రాములో, సిస్టమ్‌లో జరిగే చిన్న చిన్న సంఘటనలను (ఈవెంట్లను) సమయంతో సహా నమోదు చేయడం. ఆ పని చేసే సాధనం ట్రేసర్; నమోదైనవి డిస్కుకు చేరేదాకా ఆగే మెమరీ చోటు బఫర్. “బఫర్ ఎంత పెట్టాలి?” అని అడిగేవారిలో చాలామంది అప్పటికే ఏదో ఒక సంఖ్య పెట్టి చూసి ఉంటారు. ఈవెంట్లు జారిపోయాయని ట్రేసర్ హెచ్చరించగానే దాన్ని రెట్టింపు చేస్తారు. మళ్లీ జారితే మళ్లీ రెట్టింపు. చివరికి మెమరీ చాలక, పరిశీలించాల్సిన ప్రోగ్రామే పడిపోతుంది.

నెల్లూరు, ఒంగోలు, కావలి చుట్టుపక్కల చిన్న పరికరాలకు సాఫ్ట్‌వేర్ రాసేవారి నుంచి ఈ ప్రశ్న తరచూ వస్తోంది. కాటాల దగ్గర కంప్యూటర్లు, రొయ్యల చెరువుల గట్ల మీద కంట్రోల్ పెట్టెలు, కోల్డ్ స్టోరేజీల్లో ఉష్ణోగ్రత నమోదు చేసే బోర్డులు... అన్నిటా మెమరీ తక్కువే, నిల్వకు ఎస్‌డీ కార్డే. ఊహించి పెట్టిన సంఖ్యలు అక్కడ నిలవవు.

ప్రధానంగా లినక్స్‌లోని ఎల్‌టీటీఎన్‌జీ ట్రేసర్‌ను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. లినక్స్‌లోనే ఉండే ఎఫ్‌ట్రేస్, పెర్ఫ్, విండోస్‌లోని ఈటీడబ్ల్యూ అనే ట్రేసర్లు వాడేవారికి తేడాలు చివర్లో ఉన్నాయి.

1. ముందుగా తేల్చుకోవాల్సింది: మొత్తం రికార్డు కావాలా, చివరి క్షణాలు చాలా?

ఈ ప్రశ్నకు జవాబు లేకుండా సైజు గురించి ఆలోచించవద్దు. రెండు దారుల్లో లెక్కలు వేర్వేరు.

సమస్య ఎప్పుడు వస్తుందో తెలియదు, వచ్చాక దానికి ముందు అర నిమిషంలో ఏం జరిగిందో తెలిస్తే చాలు అనుకుంటే ఓవర్‌రైట్ పద్ధతి ఎంచుకోండి. బఫర్ నిండితే పాత సమాచారం మీద కొత్తది పడుతుంది. అవసరమైనప్పుడు స్నాప్‌షాట్ (బఫర్‌లో ఆ క్షణాన ఉన్నదాని నకలు) తీసుకుంటారు.

మొదటి నుంచి చివరి వరకు తెగని రికార్డు కావాలంటే డిస్కార్డ్ పద్ధతి. ఎల్‌టీటీఎన్‌జీలో డిఫాల్టు ఇదే. చోటు లేకపోతే కొత్త ఈవెంటును వదిలేసి, ఎన్ని వదిలిందో లెక్క మాత్రం ఉంచుతుంది.

యూజర్ స్పేస్ ప్రోగ్రాములకు (కెర్నెల్‌కు, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయకు బయట నడిచేవాటికి) మూడో దారి కూడా ఉంది: చోటు దొరికేదాకా ప్రోగ్రామునే ఆపి ఉంచడం. ఒక్క ఈవెంటు కూడా పోకూడదన్న పరీక్షల్లో అది పనికొస్తుంది. ఆలస్యం ఎక్కడ వస్తోందో వెతికేటప్పుడు మాత్రం దాని జోలికి వెళ్లవద్దు, ఎందుకంటే ట్రేసరే కొత్త ఆలస్యాన్ని పుట్టిస్తుంది.

2. బఫర్ లోపల జరిగే పని

వరి కోతలప్పుడు కోత మిషన్ ధాన్యాన్ని ట్రాక్టర్ ట్రక్కులో పోస్తుంది. అది నిండి మిల్లుకు బయలుదేరితే, ఖాళీ ట్రక్కు వచ్చి నిలబడాలి. రాకపోతే ధాన్యం నేలపాలు. ఇక్కడ ట్రక్కు అంటే సబ్‌బఫర్. ట్రక్కును మిల్లుకు తోలి తెచ్చేది కన్స్యూమర్ డీమన్, అంటే నిండిన డేటాను డిస్కుకు చేర్చడానికి వెనకాల నడిచే ప్రోగ్రాము. మిల్లు మీ ఎస్‌డీ కార్డో, హార్డ్ డిస్కో, నెట్‌వర్కో.

ఒక ఛానెల్ (ఒకే బఫర్ అమరికను పంచుకునే ఈవెంట్ల గుంపు) సృష్టిస్తే ప్రతి సీపీయూకు విడిగా ఒక రింగ్ బఫర్ (చివరికి చేరాక మళ్లీ మొదటికి తిరిగే బఫర్) ఏర్పడుతుంది. ఆ రింగును సమాన సైజు సబ్‌బఫర్లుగా విభజిస్తారు. ఒక సబ్‌బఫర్ నిండాకే కన్స్యూమర్ దాన్ని తీసుకుంటుంది. దీని నుంచి మూడు సంగతులు తేలతాయి.

- సైజు, సంఖ్య రెండూ 2 ఘాతాల్లోనే ఉంటాయి: 256 కేబీ, 512 కేబీ, 1 ఎంబీ, 4, 8, 16. మధ్యస్థమైన సైజు ఇస్తే పై ఘాతానికి పెంచుకుంటుంది. 1.1 ఎంబీ అడిగితే 2 ఎంబీ తీసుకుంటుందన్న మాట.
- ఒక ఈవెంటు రికార్డు సబ్‌బఫర్‌ను దాటి పోలేదు. దానికంటే పెద్ద రికార్డు వస్తే బఫరంతా ఖాళీగా ఉన్నా అది పోతుంది.
- ఒక సీపీయూ బఫర్ నిండినప్పుడు పక్క సీపీయూ బఫర్ ఖాళీగా ఉన్నా ఉపయోగం లేదు. అందుకే మొత్తం సగటును కాకుండా అత్యంత తీరిక లేని సీపీయూను చూడాలి.

మూడోది పట్టించుకోకపోవడం వల్లే ఎక్కువ లెక్కలు తప్పుతున్నాయి.

3. కొలతకు కూర్చునే ముందు

- ట్రేస్ చేయాల్సిన ఈవెంట్ల జాబితా ఖరారు చేయండి. తర్వాత ఒక్క ఈవెంటు కలిపినా కొలత మళ్లీ తీయాల్సిందే.
- ప్రతి ఈవెంటుతో పాటు నమోదయ్యే కాంటెక్స్టులు (అదనపు వివరాలు) ఏవో నిర్ణయించండి. ప్రాసెస్ పేరు కలిపితే ఒక్కో రికార్డు సుమారు 16 బైట్లు పెరుగుతుంది. సెకనుకు 50,000 ఈవెంట్లు వచ్చే చోట అది సెకనుకు 8 లక్షల బైట్ల అదనపు భారం. షెడ్యూలర్ (ఏ ప్రాసెస్ ఎప్పుడు నడవాలో నిర్ణయించే కెర్నెల్ భాగం) ఈవెంట్లు ఎలాగూ ప్రాసెస్ పేరు చెబుతాయి కాబట్టి, అవి ట్రేసులో ఉంటే ఈ కాంటెక్స్టు చాలాసార్లు దండగ.
- అసలు పరికరం మీదే కొలవండి. మీ ల్యాప్‌టాప్ మీద వచ్చిన అంకెలు కాటా గదిలోని బోర్డుకు పనికిరావు.
- అసలు పని ఉన్న వేళలో కొలవండి. రేకుల కప్పు కింద ఉండే పెట్టె రోహిణి కార్తెలో ఒకలా, మార్గశిరంలో ఒకలా నడుస్తుంది. వేడికి ప్రాసెసర్ వేగం తగ్గితే కన్స్యూమర్ కూడా నెమ్మదిస్తుంది.
- ఖాళీగా ఉన్న మెమరీ ఎంతో రాసి పెట్టుకోండి. ట్రేసింగ్‌కు అందులో ఎంత ఇవ్వగలరో ముందే గీత గీయండి. నేనైతే చిన్న బోర్డుల మీద ఖాళీ మెమరీలో పదో వంతు దాటనివ్వను.

4. ట్రయల్ ట్రేస్: వేగం కొలవడం

మొదటి ట్రయల్‌కు బఫర్లు ధారాళంగా పెట్టండి. చిన్న బఫర్‌తో కొలిస్తే జారిపోయిన ఈవెంట్లు లెక్కలోకి రావు. వేగం అసలు కంటే తక్కువగా కనిపిస్తుంది, దాని మీద కట్టిన లెక్క అంతా కూలిపోతుంది. ట్రయల్ ఫైళ్లను వీలైతే టీఎంపీఎఫ్ఎస్ అనే, మెమరీలోనే ఉండే ఫైల్ సిస్టమ్‌లో రాయించండి. అరనిమిషం ట్రేసుకు అది సాధారణంగా చాలు.

(అ) ట్రేసింగ్‌ను 30 సెకన్లు నడిపి ఆపండి.

(ఆ) సెషన్ (ఈ ట్రేసింగ్ అమరిక మొత్తం) వివరాలు లిస్ట్ చేసి, డిస్కార్డ్ అయిన ఈవెంట్లు సున్నా అని చూడండి. సున్నా కాకపోతే ఆ ట్రయల్ చెల్లదు.

(ఇ) ఫైళ్ల సైజులు చూడండి. ఎల్‌టీటీఎన్‌జీ ఒక్కో సీపీయూకు ఒక్కో ఫైలు రాస్తుంది. పేరు చివర అండర్‌స్కోర్ తర్వాత ఉండేది సీపీయూ నంబరు. ఫైలు సైజును 30తో భాగిస్తే ఆ సీపీయూ సగటు వేగం వస్తుంది.

(ఈ) ట్రేస్ ఫైళ్లను చదివే బేబెల్‌ట్రేస్ 2 సాధనంతో ఈవెంట్ల సంఖ్య లెక్కపెట్టి, బైట్లను ఈవెంట్లతో భాగించండి. అది సగటు రికార్డు సైజు.

(ఉ) ఇప్పుడు అసలు సంఖ్య: పీక్, అంటే గరిష్ఠ వేగం. బేబెల్‌ట్రేస్ టెక్స్టు అవుట్‌పుట్‌లో ప్రతి వరుసలోనూ సమయం, సీపీయూ నంబరు ఉంటాయి. సెకనుకు, సీపీయూకు ఎన్ని వరుసలు వచ్చాయో లెక్కపెట్టే పది వరుసల స్క్రిప్టు చాలు. అన్నిటికంటే ఎక్కువ వచ్చిన సెకనును తీసుకుని సగటు రికార్డు సైజుతో గుణించండి.

ఈ చివరి మెట్టును చాలామంది దాటేస్తారు. సగటు మీద కట్టిన బఫర్ సమస్య లేనప్పుడు చక్కగా పనిచేసి, సమస్య వచ్చిన సెకనులోనే జారిపోతుంది. మనం పట్టుకోవాలనుకున్నది ఆ సెకనునే.

5. కన్స్యూమర్ గరిష్ఠంగా ఎంతసేపు ఆగిపోతుంది?

లెక్కలో రెండో సగం ఇది. బఫర్ ఉన్నదే కన్స్యూమర్ రాలేకపోయిన సమయాన్ని నెట్టుకురావడానికి.

ఎస్‌డీ కార్డులు, ఈఎంఎంసీ చిప్పులు (బోర్డుకే అతికించి ఉండే నిల్వ చిప్పులు) లోపల తమ సర్దుబాటు పని చేసుకునేటప్పుడు రాత ఉన్నట్టుండి ఆగుతుంది. సగటు వేగం సెకనుకు 10 ఎంబీ అని చూపించే కార్డు కూడా మధ్యలో సెకను, ఒకటిన్నర సెకను బిగుసుకుపోవచ్చు.

కొలిచే పద్ధతి: ట్రేస్ రాయబోయే అదే కార్డు మీద 1 ఎంబీ ముక్కలను, ప్రతి ముక్క తర్వాత సింక్ చేస్తూ (అది నిజంగా కార్డులోకి చేరేదాకా ఆగుతూ), పది పదిహేను నిమిషాలు రాయించండి. ఒక్కో ముక్కకు పట్టిన సమయం నమోదు చేయండి. సగటును పక్కన పెట్టి, అతి ఎక్కువ సమయం తీసుకున్న రాతను తీసుకోండి. కార్డు దాదాపు నిండి ఉన్నప్పుడు ఈ పరీక్ష చేస్తే ఫలితం అసలు పరిస్థితికి మరింత దగ్గరగా ఉంటుంది.

దీనికి రీడ్ టైమర్‌ను కలపండి. కెర్నెల్ ఛానెళ్లలో డేటా సిద్ధంగా ఉందా అని చూసే ఈ టైమర్ డిఫాల్టుగా 200 మిల్లీసెకన్లు. అంటే సబ్‌బఫర్ నిండినా ఐదో వంతు సెకను వరకు ఎవరూ పలకరించకపోవచ్చు.

6. డిస్కార్డ్ పద్ధతికి లెక్క

కావాల్సిన చోటు = అత్యంత రద్దీ సీపీయూ పీక్ వేగం × కన్స్యూమర్ గరిష్ఠ విరామం × 1.5

దొరికే చోటు = (సబ్‌బఫర్ల సంఖ్య − 1) × సబ్‌బఫర్ సైజు

ఒకటి ఎందుకు తీసేయాలంటే, కన్స్యూమర్ బిగుసుకుపోయినప్పుడు దాని చేతిలో ఒక సబ్‌బఫర్ ఉండిపోతుంది. తిరిగి ఇచ్చేదాకా ట్రేసర్ అందులో రాయలేదు.

చీమకుర్తి గ్రానైట్ రోడ్డు మీద ఉండే కాటా లాంటిది ఊహించుకోండి. రాళ్ల లారీ ఎక్కగానే ఇండికేటర్ నుంచి సీరియల్ పోర్టు ద్వారా బరువు కంప్యూటర్‌కు రావాలి. రోజులో ఎప్పుడో ఒకసారి అంకె మూడు నాలుగు సెకన్లు కదలదు. డ్రైవరు హారన్ కొడుతుంటాడు, ఆపరేటర్ మౌస్ కొడుతుంటాడు. కంప్యూటర్‌లో 4 సీపీయూలు, 2 జీబీ మెమరీ, ఎస్‌డీ కార్డు. షెడ్యూలర్, ఇంటరప్ట్ (పరికరం సీపీయూను పిలిచే సంకేతం), సిస్టమ్ కాల్ (ప్రోగ్రాము కెర్నెల్‌ను అడిగే పని) ఈవెంట్లు కెర్నెల్ నుంచి కావాలి.

30 సెకన్ల ట్రయల్‌లో మొత్తం 60 ఎంబీ వచ్చిందనుకుందాం. నాలుగు సీపీయూలకు పంచితే సీపీయూకు సెకనుకు అర ఎంబీ. ఇక్కడ ఆగితే పొరపాటే. ఫైళ్లు చూస్తే సీపీయూ 0 ఒక్కటే 36 ఎంబీ, మిగతావి తలా 8 ఎంబీ. సీరియల్ ఇంటరప్టులన్నీ సీపీయూ 0 మీదే పడుతున్నాయి. దాని సగటు సెకనుకు 1.2 ఎంబీ. 36 ఎంబీలో పది లక్షల ఈవెంట్లు ఉంటే ఒక్కో రికార్డు సుమారు 38 బైట్లు. అత్యంత రద్దీ సెకనులో లక్ష ఈవెంట్లు కనబడితే పీక్ వేగం సెకనుకు దాదాపు 3.6 ఎంబీ.

కార్డు గరిష్ఠ విరామం 1.5 సెకన్లు, దానికి రీడ్ టైమర్ 0.2. మొత్తం 1.7.

3.6 × 1.7 × 1.5 = సుమారు 9.2 ఎంబీ.

ఇప్పుడు జతలు సరిచూడండి.

- 1 ఎంబీ సబ్‌బఫర్లు 4 (కెర్నెల్ ఛానెల్ డిఫాల్టు): దొరికేది 3 ఎంబీ. చాలదు.
- 1 ఎంబీ 8: దొరికేది 7 ఎంబీ. చాలదు.
- 4 ఎంబీ 4: దొరికేది 12 ఎంబీ. చాలు.
- 2 ఎంబీ 8: దొరికేది 14 ఎంబీ. చాలు.

చివరి రెండింటికీ మెమరీ ఒక్కటే: సీపీయూకు 16, మొత్తం 64 ఎంబీ. నేనైతే 2 ఎంబీ 8 తీసుకుంటాను. అదే ఖర్చుకు రెండు ఎంబీలు అదనంగా దొరుకుతున్నాయి, పైగా రద్దీ లేని సీపీయూల డేటా త్వరగా బయటికి వస్తుంది.

మరి 64 కేబీవి 256 పెడితే ఇంకా ఎక్కువ దొరుకుతుంది కదా అంటారు. నిజమే, కానీ సబ్‌బఫర్ మారిన ప్రతిసారీ కొంత పని ఉంటుంది. సెకనుకు 3.6 ఎంబీ వచ్చే చోట 64 కేబీ సబ్‌బఫర్ సెకనుకు 58 సార్లు మారుతుంది, కన్స్యూమర్ అన్నిసార్లు చిన్న చిన్న ముక్కలు మోయాలి. డిస్కార్డ్ పద్ధతిలో సబ్‌బఫర్లు పెద్దవిగా, సంఖ్య 4 నుంచి 16 మధ్య ఉంచడమే మంచిది.

7. ఓవర్‌రైట్ పద్ధతికి లెక్క

ఇక్కడ కన్స్యూమర్ విరామంతో పని లేదు. ఎంత వెనక్కి చూడాలన్నదే ప్రశ్న.

ఖాయంగా మిగిలే చరిత్ర = (సబ్‌బఫర్ల సంఖ్య − 1) × సబ్‌బఫర్ సైజు

కారణం వేరు. ఓవర్‌రైట్‌లో పాత ఈవెంట్లు ఒక్కొక్కటిగా పోవు, అతి పాత సబ్‌బఫర్ మొత్తం ఒక్కసారిగా పోతుంది. 8 ఎంబీని 4 ఎంబీలవి రెండుగా పెడితే, కొత్తదానికి మారిన క్షణంలో మీ చేతిలో మిగిలేది సగమే. అదే 8 ఎంబీని 512 కేబీలవి 16గా పెడితే 7.5 ఎంబీ ఎప్పుడూ ఉంటుంది. కాబట్టి డిస్కార్డ్‌లో చెప్పిన సలహా ఇక్కడ తిరగబడుతుంది: సంఖ్య ఎక్కువ, సైజు తక్కువ.

ఇందుకూరుపేట వైపు రొయ్యల చెరువు మీద ఉండే కంట్రోల్ పెట్టె ఉదాహరణ. నీటిలో కరిగిన ఆక్సిజన్ తెల్లవారే ముందు అడుగంటుతుంది. సెన్సర్ రీడింగ్ తగ్గగానే పెట్టె ఏరియేటర్లను ఆన్ చేయాలి. ఎప్పుడో ఒకరోజు ఆ ఆదేశం ఆలస్యంగా వెళ్తోంది. రాత్రంతా రికార్డు చేసి కార్డును అరగదీయడం దండగ. అలారం మోగిన క్షణానికి ముందు 30 సెకన్లు దొరికితే చాలు.

అప్లికేషన్ ట్రేస్ పాయింట్ల (ఈవెంటు నమోదయ్యేలా కోడ్‌లో పెట్టిన చోట్ల) వేగం తెల్లవారుజామున సెకనుకు 30 కేబీ అనుకుందాం. పనంతా ఒకే సీపీయూ మీద పడినా తట్టుకోవాలి కాబట్టి 30 × 30 = 900 కేబీ ఒక్కో సీపీయూకు కావాలి. 64 కేబీవి 16 పెడితే ఖాయంగా 960 కేబీ ఉంటుంది. సరిపోయింది. అయితే 64 కేబీ కంటే పెద్ద రికార్డు ఏదీ లేదని నిర్ధారించుకోండి. సెన్సర్ పాకెట్లను యథాతథంగా ట్రేసులో పోసే అలవాటున్న ప్రోగ్రాములు ఉంటాయి.

మెమరీ లెక్కలో ఒకటి కలపాలి. ఓవర్‌రైట్‌లో చదివేవారి కోసం ఒక్కో సీపీయూకు ఒక సబ్‌బఫర్ అదనంగా కేటాయిస్తారు. (16 + 1) × 64 కేబీ × 4 సీపీయూలు = 4,352 కేబీ. నాలుగుంపావు ఎంబీ. 512 ఎంబీ బోర్డుకు ఇది బరువు కాదు.

ఇక స్నాప్‌షాట్ ఎవరు తీస్తారన్నది అంతకంటే ముఖ్యం. ఈ బఫర్ ఉండేది మెమరీలో. కరెంటు పోతే అదీ పోతుంది. చెరువు గట్టు మీద కరెంటు ఎప్పుడు పోతుందో ఎవరి చేతిలోనూ లేదు. మర్నాడు ఎవరో వచ్చి తీస్తారులే అనుకోకుండా, అలారం ఈవెంటు రాగానే స్నాప్‌షాట్ దానంతటదే కార్డుకు చేరేలా ట్రిగ్గర్ పెట్టండి. ఎల్‌టీటీఎన్‌జీ 2.13 నుంచి ఈవెంటు రూల్‌కు స్నాప్‌షాట్ చర్యను ముడిపెట్టే వీలుంది. స్నాప్‌షాట్ రాసే రెండు మూడు సెకన్లకు సరిపడా బ్యాటరీ బ్యాకప్ ఉందో లేదో కూడా చూసుకోండి.

8. మెమరీ మొత్తం సరిచూడడం

సబ్‌బఫర్ సైజు × సంఖ్య × సీపీయూలు × ఛానెళ్లు. యూజర్ స్పేస్‌లో ప్రాసెస్‌కు విడిగా బఫర్లు పెట్టే పద్ధతి ఎంచుకుంటే దీన్ని ప్రాసెస్‌ల సంఖ్యతోనూ గుణించాలి. 128 కేబీవి 4, సీపీయూలు 8, ప్రాసెస్‌లు 40 అయితే 160 ఎంబీ. యూజర్‌కు ఒకే బఫర్ సముదాయం అయితే అదే అమరికకు 4 ఎంబీ. ప్రత్యేక కారణం లేకపోతే రెండోదే ఉంచండి.

కంటెయినర్లు వాడేవారికి రెండు ముళ్లు. కంటెయినర్‌కు 2 సీపీయూలే ఇచ్చినా, బఫర్లు హోస్టులోని సీపీయూలన్నిటికీ పుడతాయి. 32 సీపీయూల సర్వర్‌లో మీ లెక్క పదహారు రెట్లు తప్పుతుంది. రెండోది, యూజర్ స్పేస్ బఫర్లు షేర్డ్ మెమరీలో ఉంటాయి. డాకర్ కంటెయినర్‌కు షేర్డ్ మెమరీ డిఫాల్టుగా 64 ఎంబీనే. ట్రేసింగ్ డీమన్లు కంటెయినర్‌లోనే నడుస్తుంటే ఆ పరిమితిని పెంచండి.

మొత్తం మీరు గీసిన గీత దాటితే డిస్కార్డ్‌లో ముందు సంఖ్యను తగ్గించండి, తర్వాతే సైజును; ఓవర్‌రైట్‌లో ముందు సైజును, తర్వాతే సంఖ్యను. అదీ చాలకపోతే ఈవెంట్ల జాబితాకు తిరిగి వెళ్లండి.

9. ఛానెళ్లను విడదీయండి

సెకనుకు లక్షసార్లు వచ్చే షెడ్యూలర్ ఈవెంటును, రోజుకు రెండుసార్లు వచ్చే ఎర్రర్ ఈవెంటును ఒకే ఛానెల్‌లో పెట్టవద్దు. ఓవర్‌రైట్‌లో అయితే ఆ ఎర్రర్ ఈవెంటు రెండు మూడు సెకన్లలో కొట్టుకుపోతుంది. డిస్కార్డ్‌లో అయితే రద్దీ వేళ దానికి చోటే దొరకదు.

అరుదైనవాటికి వేరే ఛానెల్ పెట్టి, 16 కేబీవి 4 ఇస్తే చాలు. ఖర్చు నామమాత్రం. పెద్ద బఫర్ కొనిపెట్టే ఉపశమనం కంటే ఈ ఒక్క మార్పు ఎక్కువ చేస్తుంది.

10. స్విచ్ టైమర్

పెద్ద సబ్‌బఫర్, తక్కువ ఈవెంట్లు అయితే అది నిండేదాకా డేటా బయటికి రాదు. తెర మీద చూస్తూ పనిచేసేవారికి ఇది ఇబ్బంది. అప్పుడు స్విచ్ టైమర్‌ను (నిండకపోయినా సబ్‌బఫర్‌ను మార్చే టైమర్‌ను) సెకనుకో, రెండు సెకన్లకో పెట్టండి. విలువ మైక్రోసెకన్లలో ఇవ్వాలి. పరికరం బ్యాటరీ మీద నడుస్తుంటే మాత్రం పెట్టవద్దు, పడుకున్న సీపీయూలను ఊరికే లేపుతుంది.

11. నడిపి సరిచూసుకోండి

- లెక్కలో తేలిన విలువలతో కొత్త సెషన్ సృష్టించండి. ఒకసారి సృష్టించిన ఛానెల్ సైజును మార్చలేరు. మార్చాలంటే సెషన్‌ను తొలగించి మళ్లీ కట్టాలి.
- ఛానెల్‌ను లిస్ట్ చేసి, అడిగిన సైజే వచ్చిందా, పై ఘాతానికి పెరిగిందా చూడండి.
- ట్రేసింగ్ లేకుండా, ఉండగా అప్లికేషన్ అదే పనికి ఎంత సమయం తీసుకుంటుందో పోల్చండి.
- ఈసారి టీఎంపీఎఫ్ఎస్‌లో కాదు, అసలు కార్డు మీదకే రాయించండి.
- రద్దీ వేళలో కనీసం ఒక గంట నడపండి.
- డిస్కార్డ్‌లో జారిన ఈవెంట్ల సంఖ్య, ఓవర్‌రైట్‌లో పోయిన పాకెట్ల (ఒక్కో సబ్‌బఫర్ డేటా మూటల) సంఖ్య చూడండి. ఓవర్‌రైట్‌లో పోయిన పాకెట్లలో ఎన్ని ఈవెంట్లు ఉన్నాయో ట్రేసర్ చెప్పలేదు.
- జారినవి ఉంటే బేబెల్‌ట్రేస్ ఏ సమయాల మధ్య పోయాయో చెబుతుంది. ఆ సమయాలను రాసుకోండి. తర్వాతి అంచెకు అవే ఆధారం.

12. ఇంకా జారుతుంటే

*ఆగి ఆగి జారుతున్నాయి, మధ్యలో అంతా బాగుంది.* విరామం మీరు కొలిచినదానికంటే పెద్దది. జారిన సమయాల్లో కార్డు మీద ఇంకెవరు రాస్తున్నారో చూడండి. రాత్రి బ్యాకప్, డేటాబేస్ సర్దుబాటు, లాగ్ ఫైళ్ల కుదింపు తరచూ దొరికే దొంగలు. దొరక్కపోతే సంఖ్యను రెట్టింపు చేయండి. రెట్టింపు చేయడం సరైన మందు అయ్యే సందర్భం ఇదొక్కటే.

*మొదలైన కొద్ది సెకన్లకు జారడం మొదలై ఇక ఆగడం లేదు.* వచ్చే వేగం కార్డు రాసే వేగాన్ని దాటింది. దీన్ని ఏ బఫరూ కాపాడలేదు. సెకనుకు 5 ఎంబీ రాయలేక మిగిలిపోతుంటే 64 ఎంబీ బఫర్ 13 సెకన్లు నిలుస్తుంది, 640 ఎంబీ బఫర్ 128 సెకన్లు. పదింతల మెమరీకి కొనుక్కున్నది రెండు నిమిషాలు. ఈవెంట్లను తగ్గించండి, ఫిల్టర్లు పెట్టండి, వేగమైన డిస్కు వాడండి, నెట్‌వర్క్ ద్వారా వేరే యంత్రానికి పంపండి, లేదా ఓవర్‌రైట్‌కు మారండి.

*ఒకే సీపీయూలో జారుతున్నాయి.* ఇంటరప్టులను మిగతా సీపీయూలకు పంచగలరా చూడండి. అలా చేస్తే మీరు పరిశీలిస్తున్న సమస్య స్వరూపమే మారిపోవచ్చని గుర్తుంచుకోండి. మారకూడదనుకుంటే సైజు పెంచక తప్పదు. ఎల్‌టీటీఎన్‌జీలో అది సీపీయూలన్నిటికీ ఒకేలా పెరుగుతుంది.

*ఒక రకం ఈవెంటు మాత్రమే ఎప్పుడూ కనిపించదు.* రికార్డు సబ్‌బఫర్ కంటే పెద్దదేమో చూడండి. పొడవైన స్ట్రింగులు, బైట్ల వరుసలు నమోదు చేసే ట్రేస్ పాయింట్లలో ఇది జరుగుతుంది. సైజు పెంచండి, లేకపోతే మొదటి 256 బైట్లే నమోదయ్యేలా ట్రేస్ పాయింటును సరిచేయండి.

*ట్రేస్‌లో కన్స్యూమర్ డీమన్ ఈవెంట్లే ఎక్కువగా ఉన్నాయి.* ట్రేసర్ రాస్తుంటే సిస్టమ్ కాల్స్ పుడతాయి, వాటినీ ట్రేసర్ పట్టుకుంటుంది. సబ్‌బఫర్లు మరీ చిన్నవైతే ఇది పెరుగుతుంది. సైజు పెంచి, ట్రాకర్‌తో (ఏ ప్రాసెస్‌లను ట్రేస్ చేయాలో ఎంచే సౌకర్యంతో) మీకు కావాల్సిన ప్రాసెస్‌లనే ఉంచండి.

13. వేరే ట్రేసర్లు వాడేవారికి

ఎఫ్‌ట్రేస్‌లో సబ్‌బఫర్ల సంఖ్య గురించి తల బద్దలుకొట్టుకోనక్కర లేదు. ట్రేసింగ్ డైరెక్టరీలో బఫర్_సైజ్_కేబీ అనే ఫైలులో రాసే అంకె ఒక్కో సీపీయూకు వర్తిస్తుంది. మొత్తం అనుకుని రాసేవారు చాలామంది. మొత్తం చూడాలంటే బఫర్_టోటల్_సైజ్_కేబీ వేరుగా ఉంది. ఒకే సీపీయూకు ఎక్కువ ఇచ్చే సౌకర్యం ఇక్కడ ఉంది: పర్_సీపీయూ డైరెక్టరీలో ఆ సీపీయూ లోపల ఉన్న ఫైలులో విడిగా రాయండి. చీమకుర్తి కాటా లాంటి చోట ఇది బాగా కలిసొస్తుంది. డిఫాల్టుగా ఓవర్‌రైట్ పద్ధతి నడుస్తుంది. ఎన్ని పోయాయో ఆ సీపీయూ స్టాట్స్ ఫైలులో ఓవర్‌రన్, డ్రాప్డ్ ఈవెంట్స్ అనే వరుసల్లో కనిపిస్తుంది.

పెర్ఫ్‌లో రికార్డు ఆదేశానికి ఇచ్చే ఎం ఆప్షన్‌లో పేజీల సంఖ్య 2 ఘాతంగా ఉండాలి. రూట్ కాని యూజర్‌కు లాక్ చేసే మెమరీ మీద పరిమితి ఉంటుంది, డిఫాల్టు ఒక్కో సీపీయూకు 516 కేబీ. పెద్ద సంఖ్య ఇస్తే అనుమతి లేదన్నట్టు ఆగిపోయేది అందుకే.

విండోస్ ఈటీడబ్ల్యూలో బఫర్ సైజు కేబీల్లో, కనిష్ఠ సంఖ్య, గరిష్ఠ సంఖ్య ఇవ్వాలి. కనిష్ఠం ప్రాసెసర్‌కు రెండు చొప్పున ఉండాలి. రద్దీ ఉన్నట్టుండి వస్తుందని తెలిస్తే కనిష్ఠం, గరిష్ఠం రెండూ ఒకే సంఖ్యగా పెట్టండి, అప్పుడు రద్దీ మధ్యలో కొత్త బఫర్లు కేటాయించే పని ఉండదు. 64 కేబీ దాటిన ఈవెంటును ఈటీడబ్ల్యూ రాయదు, బఫర్ ఎంత పెద్దదైనా సరే. సెషన్ వివరాల్లో పోయిన ఈవెంట్లు, పోయిన బఫర్లు వేర్వేరుగా ఉంటాయి. మొదటిది పెరిగితే సంఖ్యనో సైజునో పెంచండి, రెండోది పెరిగితే డిస్కు సంగతి చూడండి.